పొద్దున్నే బీచ్ ఇసుకలో వాలీబాల్ మొదలుపెట్టాలి: కోర్టు, టైము, పిల్లల జాగ్రత్తలు చెప్పండి (విశాఖ)

సాగర్‌నగర్‌వాసి (ప్రశ్న)

నమస్తే అండి. మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లం పది మందిమి ఉన్నాం, పదీ పదిహేనేళ్ల మధ్య పిల్లలు ఎనిమిది మంది. పెద్దల్లో ఎక్కువ మంది ఇండోర్ షటిల్ ఆడేవాళ్లే. రోడ్డు దాటితే సముద్రం, అయినా పిల్లలు నాలుగు గోడల మధ్యే పెరుగుతున్నారు. వారానికి మూడు రోజులు పొద్దున్న అందరం కలిసి ఇసుకలో వాలీబాల్ ఆడాలని అనుకున్నాం.

సిమెంటు దిమ్మెలు వేయకుండా, ఆట అయ్యాక తీసేసేలా స్తంభాలు ఎలా నిలబెట్టాలి? కొలతలు ఏమిటి? ఎన్ని గంటలకి మొదలుపెట్టి ఎప్పటికి ముగించాలి? చెప్పుల్లేకుండా ఆడితే కాళ్లకి ఏమైనా అవుతుందా? షటిల్ వదల్లేమంటున్న ఇద్దరు ముగ్గురికి ఇసుకలో ఏదైనా దారి ఉందా? ఖర్చు తక్కువలో తేలాలి, కానీ నాసిరకం సరుకు పెట్టి పిల్లల్ని దెబ్బలపాలు చేయకూడదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వలతాడు

ముందు చోటు చూసుకోండి. కోర్టు 16 × 8 మీటర్లు, చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ. అంటే 22 × 14 మీటర్ల ఎండు ఇసుక కావాలి. అది పోటు గీతకి పైన ఉండాలి. అలలు వదిలేసిన నాచు, చెత్త, గవ్వలు ఒక వరసలో కనబడతాయి కదా, అదే కిందటి పోటు గీత. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడితే నీళ్లు ఇంకా పైకొస్తాయి కాబట్టి ఆ వరసని ఆనుకుని కాకుండా ఐదారు మీటర్లు పైకి జరగండి. ఇసుక లోతు కనీసం 40 సెం.మీ. ఉండాలి. ఇనుప చువ్వ ఒకటి పట్టుకుని రెండేసి మీటర్లకి ఒకచోట గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. వానాకాలంలోనూ తుపాను వెళ్లాకా మన ఒడ్డున ఇసుక కొట్టుకుపోయి రాళ్లు తేలుతుంటాయి. పోయిన నెల మెత్తగా ఉన్న చోటు ఈ నెల అలాగే ఉంటుందని నమ్మకండి.

గీతలకి మంచాలకి అల్లే నవారు కొనండి. 5 సెం.మీ. వెడల్పుది సరిగ్గా సరిపోతుంది. చుట్టుకొలత 48 మీటర్లు, ముడులకి కలుపుకుని 50 మీటర్లు తీసుకోండి. తెల్లది ఎండలో ఇసుకలో కలిసిపోతుంది, ముదురు నీలం రంగు అద్దండి. బీచ్ వాలీబాల్లో మధ్య గీత లేదు, ఇండోర్‌లో ఉండే మూడు మీటర్ల గీతా లేదు, కాబట్టి నవారు అంతే. మూలలు లంబంగా రావాలంటే కంటితో చూసి వేయొద్దు: ఒక పొడుగు గీత 16 మీటర్లు పరిచి, దాని ఒక కొస నుంచి 8 మీటర్ల తాడు, రెండో కొస నుంచి 17 మీటర్ల 89 సెం.మీ. తాడు లాగండి. రెండూ కలిసిన చోటే మూల. రెండు కర్ణాలూ సమానంగా వచ్చాయంటే కోర్టు సరిగ్గా కూర్చున్నట్టే. మూలల్లో ఇనుప మేకులు దిగ్గొట్టొద్దు. అరచెయ్యంత చెక్క ముక్కకి తాడు కట్టి 30 సెం.మీ. లోతున పాతి, ఆ తాడుకి నవారు కట్టండి. కాలు తగిలితే నవారు సాగాలి గానీ కాలు తెగకూడదు.

ఇక స్తంభాలు. 50 మి.మీ. జీఐ (జింకు పూత ఇనుప) పైపు, ఒక్కోటి మూడున్నర మీటర్లు, రెండు. లోపల 90 సెం.మీ. దిగితే పైన 2.60 మీటర్లు మిగులుతుంది, నెట్‌కి అది చాలు. పక్క గీత నుంచి 70 సెం.మీ. నుంచి ఒక మీటరు దాకా బయటికి పాతాలి. ఎండు ఇసుకలో గొయ్యి తవ్వితే తవ్వినంతా మళ్లీ కూలిపోతుంది, అందరూ విసిగిపోయేది ఇక్కడే. తవ్వబోయే చోట రెండు బకెట్ల సముద్రం నీళ్లు పోసి అప్పుడు తవ్వండి, తడి ఇసుక గోడలా నిలబడుతుంది. అడుగున ఒక ఇటుక పెట్టండి, లేకపోతే తాడు బిగించేకొద్దీ పైపు కిందికి దిగుతుంది. పూడ్చేటప్పుడు ఒకేసారి నింపెయ్యకుండా జానెడు ఇసుక, కాసిని నీళ్లు, కాలితో తొక్కడం, మళ్లీ జానెడు. అలా నాలుగైదు పొరలు.

పైపు ఎంత గట్టిగా పాతినా నెట్ లాగుడికి లోపలికి వంగుతుంది. దాన్ని ఆపేది వెనక తాళ్లే. ఒక్కో స్తంభం పైకొస నుంచి రెండు తాళ్లు, బయటి వైపుకి ఇంగ్లిష్ వి ఆకారంలో, స్తంభానికి రెండున్నర మీటర్ల దూరంలో నేలలోకి. ఇసుకలో మేకు పట్టు ఇవ్వదు, ఊడి వస్తుంది. ఎరువు బస్తా సంచిలో పాతిక కిలోల ఇసుక నింపి, మూతి గట్టిగా కట్టి, తాడు దానికి ముడేసి రెండడుగుల లోతున పాతిపెట్టండి. సంచి మీద ఉన్న ఇసుక బరువే మీ లంగరు. తాడు 8 మి.మీ.ది, ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాన్లు అమ్మే కొట్లలో మంచివి దొరుకుతాయి. నైలాన్ సాగుతుంది, కట్టిన పావుగంటకి మరోసారి బిగించాలి. ఎండకి నూగు లేచి, చేత్తో నలిపితే పొడి రాలుతోందంటే ఆ తాడు పని అయిపోయినట్టే, మార్చెయ్యండి. తాళ్లకి ఎర్ర గుడ్డ పీలికలు కట్టడం, పైపులకి రెండు మీటర్ల ఎత్తు దాకా పాత పరుపు స్పాంజి చుట్టడం మర్చిపోవద్దు. బంతి మీద కళ్లు పెట్టి పరిగెత్తేవాడికి పైపు కనపడదు.

నెట్ పొడవు 8.5 మీటర్లు. ఎత్తు మగవాళ్లకి 2.43, ఆడవాళ్లకి 2.24 మీటర్లు. కొలవాల్సింది స్తంభం దగ్గర కాదు, నెట్ నడిమధ్యన. పక్క గీతల మీద రెండు వైపులా సమానంగా ఉండాలి, మధ్య ఎత్తు కంటే 2 సెం.మీ. మించకూడదు. ఒక వెదురు కర్ర మీద ఈ ఎత్తులన్నీ గీతలు పెట్టుకుంటే రోజూ టేపు వెతుక్కోనక్కర్లేదు.

అయ్యాక అన్నీ తీసెయ్యాలి. ఒడ్డున శాశ్వతంగా ఏదీ కట్టకూడదు, తీర నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. రుషికొండలో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఉన్న భాగంలోనైతే పైపు దించే ముందే అక్కడి నిర్వాహకుల్ని అడగండి. గోతులు తప్పకుండా పూడ్చండి. చీకట్లో నడిచేవాళ్ల కాలు అందులో పడితే చీలమండ విరుగుతుంది.

తూర్పుగాలి

వలతాడు గారు చెప్పినదానికి దిక్కుల సంగతి కలుపుతాను, ఎందుకంటే కోర్టు ఎంత బాగా వేసినా సూర్యుడు కళ్లలో పడితే ఆట ఆట కాదు.

మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది. ఒడ్డుకి సమాంతరంగా కోర్టు పొడవు వేయడం అందరికీ అలవాటు. డిసెంబరు, జనవరిలో అది బాగానే కుదురుతుంది. సూర్యుడు తూర్పుకి దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు కాబట్టి వెలుతురు సముద్రం వైపు నుంచి, అంటే పక్క నుంచి పడుతుంది. జూన్‌లో అదే సూర్యుడు తూర్పుకి 25 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు. అప్పుడు నైరుతి కొసలో నిలబడ్డ జట్టుకి నెట్ మీదుగా నేరుగా కళ్లలోకే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా కోర్టుని తిప్పి పొడవు ఉత్తర దక్షిణాలుగా వెయ్యండి. ఫోన్‌లో దిక్సూచి చాలు. ఒడ్డు ఇరుకుగా ఉండి తిప్పడానికి చోటు లేకపోతే, మొత్తం స్కోరు 7 అయినప్పుడల్లా జట్లు అటూ ఇటూ మారాలన్న రూలు కచ్చితంగా పాటించండి. 21 పాయింట్ల సెట్‌లో ప్రతి 7కి, చివరి 15 పాయింట్ల సెట్‌లో ప్రతి 5కి. ఆ రూలు పుట్టిందే ఎండా గాలీ ఇద్దరికీ సమానంగా పంచడానికి.

టైము: జూన్‌లో మనకి 5:20 ప్రాంతంలో తెల్లారుతుంది, జనవరి చివర్లో 6:30 ప్రాంతంలో. వేసవిలో 5:30కి బంతి లేవాలి, 7:15కల్లా నెట్ దిగాలి. చలికాలంలో 6:45 నుంచి 8:30 దాకా హాయిగా ఆడొచ్చు. తెల్లారుజామున గాలి మందంగా ఉంటుంది. తొమ్మిది దాటాక నేల వేడెక్కేకొద్దీ సంద్రపు గాలి లేస్తుంది. ఎండాకాలంలో నైరుతి గాలి ఒడ్డు వెంబడి బలంగా తోస్తుంది, అంటే ఒడ్డుకి సమాంతరంగా వేసిన కోర్టులో ఒక జట్టుకి ఎదురుగాలి, ఇంకో జట్టుకి వెనకగాలి.

గాలిని చూసి భయపడక్కర్లేదు, ఇసుకలో ఆటకి అందమే అది. ఎదురుగాలి ఉన్నప్పుడు గట్టిగా కొట్టినా బంతి లోపలే పడుతుంది, తిప్పకుండా కొట్టిన సర్వీసు గాల్లో ఊగిసలాడి అవతలివాణ్ని తికమక పెడుతుంది. వెనకగాలి ఉన్న వైపు నుంచి అంతే బలంతో కొడితే బయటికి పోతుంది, కాబట్టి బంతి పై భాగాన్ని కొట్టి కిందికి తిప్పాలి. లిఫ్టింగ్ (తోటి ఆటగాడు కొట్టడానికి బంతి లేపి ఇవ్వడం) ఎత్తుగా వేసినవాడు నష్టపోతాడు. నెట్ మీద మీటరు మించి లేపొద్దు. పొడుగువాడు, బలమైనవాడు మాత్రమే గెలిచే ఆట కాదిది. గాలి చదవడం తెలిసిన అరవై ఏళ్లాయన ఇరవై ఏళ్ల కుర్రాణ్ని ఇసుకలో చక్కగా ఓడిస్తాడు. అపార్ట్‌మెంట్‌లో అన్ని వయసులవాళ్లూ కలిసి ఆడాలంటే ఇంతకంటే మంచి నేల లేదు.

పిక్కబలం

కాళ్ల గురించి అడిగారు. ఫిజియోథెరపీ వైపు నుంచి చెబుతాను.

ఇసుకలో అడుగు వేసినప్పుడు నేల జారుతుంది, పెట్టిన బలంలో కొంత ఇసుకని తోయడానికే పోతుంది. గట్టి నేల మీద పరుగుకి పట్టే శక్తి కంటే ఇసుకలో అదే వేగంతో పరుగుకి దాదాపు 1.6 రెట్లు పడుతుందని 1998లోనే కొలిచి చూపించారు. నడకకైతే రెండు రెట్ల పైనే. అందుకే ఇండోర్‌లో గంటన్నర అలవోకగా ఆడేవాళ్లు ఇసుకలో ఇరవై నిమిషాలకే ఆయాసపడతారు. స్టామినా పోయిందని కంగారు పడొద్దు. దూకి దిగినప్పుడు మోకాలికి తగిలే దెబ్బ మాత్రం ఇసుకలో బాగా తగ్గుతుంది, సిమెంటు కోర్టుల్లో ఆడి మోకాళ్లు నొప్పులు పెట్టుకున్నవాళ్లకి ఇది నిజమైన ఊరట.

దానికి మారుగా భారం వేరే చోటికి వెళ్తుంది: పిక్కలు, మడమ వెనక స్నాయువు (పిక్కని మడమకి కలిపే పట్టీ), అరికాలు. మడమ ఇసుకలో దిగిపోవడం వల్ల పిక్క ప్రతిసారీ ఎక్కువ సాగి ఎక్కువ లాగాలి. కొత్తవాళ్లలో మొదటి మూడు వారాల్లో వచ్చే ఇబ్బందులన్నీ దాదాపు ఇవే. కాబట్టి మొదటి వారం రోజుకి 20 నిమిషాలు, రెండో వారం 30, మూడో వారం 45. మధ్యలో ఒక రోజు ఖాళీ. సోమ, బుధ, శుక్ర పెట్టుకుంటే కుదురుతుంది. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు ఉంటే అరికాలి పొర వాచినట్టు, ఆ వారం ఆట ఆపండి. నొప్పి మీదే ఆడితే నెలలు పడుతుంది.

వార్మప్ తడి ఇసుక మీద చెయ్యండి, అది గట్టిగా ఉంటుంది. ఐదు నిమిషాలు మెల్లని పరుగు, తర్వాత పక్క అడుగులు, మోకాళ్లు పైకెత్తడం, మునివేళ్ల మీద 15 సార్లు లేవడం రెండు విడతలు, భుజాలు గుండ్రంగా తిప్పడం. ఒకటి గమనించండి: నీళ్ల దగ్గర నేల సముద్రం వైపుకి వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుకి పరిగెత్తుతూ పోతే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి నడుము పట్టేస్తుంది. వెళ్లినంత దూరం వెనక్కీ రండి.

చెప్పుల్లేకుండానే ఆడండి. పాదంలోని చిన్న కండరాలు పనిచేసేది అప్పుడే. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం వట్టికాళ్లతో దిగకూడదు. గాజు పెంకు గుచ్చుకున్నా, ఇసుక కాలినా వాళ్లకి తెలియదు. ఇసుక సాక్సులు గానీ పల్చటి కాన్వాస్ బూట్లు గానీ వేసుకోవాలి. పాదం మీద పగుళ్లు, పుండ్లు ఉన్నవాళ్లు కూడా అంతే, ఎందుకంటే కుక్కలు తిరిగే ఇసుకలో ఒక రకం నులిపురుగు లార్వాలు చర్మంలోకి దిగుతాయి. ఆట అయ్యాక మంచినీళ్లతో వేళ్ల సందులు కడుక్కుని తుడుచుకోండి.

ఈకబంతి

షటిల్ మిత్రుల కోసం: ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2019లో ఎయిర్ బ్యాడ్మింటన్ అని ఆరుబయట ఆటని విడుదల చేసింది. కోర్టు డబుల్స్‌కీ ముగ్గురు ముగ్గురు ఆడే ట్రిపుల్స్‌కీ 16 × 6 మీటర్లు, సింగిల్స్‌కి 16 × 5. నెట్‌కి రెండు వైపులా 2 మీటర్ల దాకా షటిల్ పడితే చెల్లదు, ఎందుకంటే గాలిలో నెట్ దగ్గర సుతారంగా వేసే డ్రాప్ అదృష్టం మీద ఆధారపడిపోతుంది. ఇసుకలో నెట్ స్తంభం ఎత్తు 1.45 మీటర్లు, గట్టి నేల మీదైతే 1.52.

మీ వాలీబాల్ కోర్టు పొడవు కూడా 16 మీటర్లే కదా. వెడల్పులో మీటరు చొప్పున లోపలికి ఇంకో నవారు పరిచి, అవే స్తంభాలకి నెట్ కిందికి దించి కడితే పని అయిపోతుంది.

మామూలు ఈకల షటిల్ బయట పనికిరాదు. దీనికి ఎయిర్‌షటిల్ అని వేరే ఉంది, గంటకి 12 కిలోమీటర్ల గాలి దాకా తట్టుకుంటుంది. కొలిచే పరికరం అక్కర్లేదు: ఒక చిన్న గుడ్డ జెండా పాతండి, అది పూర్తిగా విచ్చుకుని ఆగకుండా రెపరెపలాడుతుంటే 12 దాటినట్టే. ఆ రోజు బ్యాట్లు సంచిలో పెట్టేసి వాలీబాల్‌కి వచ్చెయ్యమనండి.

సాగర్‌నగర్‌వాసి

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇంకో మూడు సందేహాలు. మా పిల్లల్లో ఇద్దరికి కళ్లజోడు ఉంది, చిన్నవాళ్లకి రాకుండా ఉండాలంటే ఆరుబయట ఆడించమని కళ్ల డాక్టర్ గారు అన్నారట, అందులో నిజమెంత? తెల్లవారుజాము ఎండలో విటమిన్ డి వస్తుందని పెద్దవాళ్లు అంటున్నారు, అది సరైనదేనా? నీళ్లు ఎంత తాగించాలి?

మైదానం మాస్టారు

కళ్ల సంగతి ముమ్మాటికీ నిజం. చైనాలో గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు చూశారు. ఆ పిల్లల్లో 30.4 శాతం మందికి దూరపు చూపు తగ్గింది. ఆ పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం మందికి. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దానికి కారణం వెలుతురు అనే ఎక్కువ మంది భావన. ఇంట్లో లైటు 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలత) ఉంటే, బయట నీడపట్టున కూడా వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురుకి కంటి రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఊరుతుంది, అది కనుగుడ్డు పొడుగు సాగకుండా పట్టి ఉంచుతుందని అంటారు. కాకపోతే ఇది జోడు రాకముందు చేసే మేలు. వచ్చిన సైటు దీనివల్ల పోదు. మీ ఇద్దరికీ పాలీకార్బొనేట్ అద్దాలు, తల వెనక పట్టీ తప్పనిసరి. గాజు అద్దంతో వాలీబాల్ ఆడనివ్వకండి.

విటమిన్ డి మాట మాత్రం సరికాదు. తెల్లారి సూర్యుడు కిందన ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి రావాలి, చర్మంలో విటమిన్ డి తయారుచేసే యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణం) దారిలోనే దాదాపు ఆగిపోతుంది. మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే అది బాగా తయారవుతుంది, అంటే మనకి తొమ్మిది దాటాకే. అందుకని పిల్లల్ని ఇసుకలో పదకొండింటి దాకా ఆడించమని అర్థం కాదు, వేసవి మధ్యాహ్నం మన దగ్గర యూవీ సూచిక 11 దాటుతుంది, ఎండు ఇసుక మరో 15 శాతం కిరణాల్ని పైకి తిప్పికొడుతుంది. పొద్దున ఆట ఆట కోసం. విటమిన్ డి కోసం బడి విరామంలో పది పదిహేను నిమిషాలు చేతులూ కాళ్లూ ఎండకి తగిలితే వేరే లెక్క.

నీళ్లు: పెద్దలకి 15–20 నిమిషాలకి ఒక గ్లాసు, 200 మి.లీ. పిల్లలకి 100–150. దాహం వేసేదాకా ఆగకుండా జట్లు అటూ ఇటూ మారినప్పుడల్లా రెండు గుక్కలు తాగితే లెక్క సరిపోతుంది. విశాఖలో ఎండ కంటే ఉక్క ప్రమాదం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఎంత పోతోందో తెలియాలంటే ఆటకి ముందూ తర్వాతా బరువు చూడండి, తగ్గిన ప్రతి కిలోకీ దాదాపు లీటరు చెమట పోయినట్టు. గంట దాటి ఆడితే వట్టి నీళ్లు చాలవు, ఉప్పేసిన మజ్జిగ గానీ ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం గానీ పెట్టుకోండి. కొబ్బరినీళ్లు మంచివే, వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటలో పోయేది మాత్రం సోడియం. అందుకని చిటికెడు ఉప్పు వెయ్యండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరుదైతే లీటరులోనే కలపాలి. రుచి కోసం అర లీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకి బదులు కీడు జరుగుతుంది.

ఎవరైనా తడబడుతూ నడుస్తున్నా, అడిగిన దానికి పొంతన లేని జవాబు చెబుతున్నా అది మామూలు అలసట కాదు, వడదెబ్బ. నీడకి చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, మెడ, చంకలు, గజ్జల్లో చల్లటి గుడ్డలు పెట్టి 108కి ఫోన్ చెయ్యండి. చల్లబరచడం ముందు, ఆసుపత్రికి తీసుకెళ్లడం తర్వాత.

ఇక పిల్లల ఆట. పెద్దల నెట్ కింద పిల్లల్ని నిలబెడితే రెండో వారానికి మళ్లీ ఫోన్లు పట్టుకుంటారు. 12 ఏళ్ల లోపువాళ్లకి 2 మీటర్లు, 14 లోపు 2.12, 16 లోపు 2.24. ఇవి అధికారిక కొలతలే. రెండు మీటర్ల నెట్‌కి 90 సెం.మీ. గొయ్యి కూడా అక్కర్లేదు, పైపు మోకాలి లోతు దింపి మూడేసి తాళ్లు కడితే నిలుస్తుంది. కోర్టు 12 × 6కి కుదించండి, నలుగురు నలుగురు. కొత్తలో మొదటి బంతిని పట్టుకుని విసరనివ్వండి, సర్వీసు మధ్య నుంచి కింద చేత్తో వేయనివ్వండి. బంతి అటూ ఇటూ నాలుగైదు సార్లు వెళ్లడం మొదలయ్యాక పట్టుకోవడం మాన్పించండి. ఒక్కో ఆట 11 పాయింట్లే, గెలిచినవాళ్లు నిలబడి ఓడినవాళ్లు కూర్చునే పద్ధతి వద్దు, ఎక్కువ ఆడాల్సింది ఓడినవాళ్లే. ఇసుకలో పడితే దెబ్బ తగలదన్న ధైర్యం వచ్చిన రోజు నుంచి పిల్లలు బంతి కోసం ఒళ్లు విసిరేస్తారు, ఆ సంబరం ఏ హాల్లోనూ దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్లవాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాల శ్రమ ఉండాలంటుంది. ఇలా ఆడించగలిగితే ఆ గంట కోసం బతిమాలాల్సిన పని ఉండదు.

గెడ్డమూల

అందరూ కోర్టు గురించే చెప్పారు, ఆ పక్కనే సముద్రం ఉంది.

పిల్లలు ఆట అవగానే చెమట మీద నీళ్లలోకి పరిగెడతారు. ఆర్కే బీచ్‌లోనూ రుషికొండలోనూ లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీసుకున్నాయి. చూడ్డానికి అవి ప్రశాంతంగా ఉంటాయి: రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో విరగకుండా ముదురు రంగులో ఒక దారి కనబడుతుంది, అనుభవం లేనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ దారి నుంచి బయటపడి అప్పుడు అలలతో పాటు రావాలి. మీ గుంపులో మాత్రం రూలు ఒక్కటే పెట్టుకోండి: నీళ్లు మడమ దాకానే. సముద్రం వైపు 3 మీటర్ల ఖాళీ దాటి పోయిన బంతిని తేవడానికి పెద్దవాళ్లే వెళ్లాలి. అలల్లోకి పోతే వదిలెయ్యండి, బంతి ఇంకోటి కొనుక్కోవచ్చు.

గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా కోర్టు వద్దు. వాన పడితే ఊళ్లో మురుగంతా ఆ ఇసుక మీదికే వస్తుంది, గాజు పెంకులు, సూదులు కూడా. గట్టి వాన తర్వాత రెండు మూడు రోజులు ఆగడం మంచిది. చేపల పడవలు లాగే చోట గాలాలు, తెగిన వల ముక్కలు ఇసుకలో ఉంటాయి. రోజూ ఆటకి ముందు ఇనుప పళ్ల దంతెతో కోర్టు మొత్తం ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా గీకండి. నలుగురు కలిస్తే పది నిమిషాలు. చదును కూడా అదే అవుతుంది, పీతల బొరియలు కూడా పూడుకుంటాయి.

ఇంకోటి, ఇది నాకు చాలా ముఖ్యం. చలికాలం చివరి నుంచి ఎండాకాలం మొదలు దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఒడ్డున గుడ్లు పెడతాయి, మీ సాగర్‌నగర్ వైపు కూడా. రాత్రి నెట్ గానీ తాళ్లు గానీ వదిలి వెళ్తే వాటిలో చిక్కుకుంటాయి. పూడ్చని గోతిలో పడిన తాబేలు పిల్ల పైకి రాలేదు. తెల్లారుజామున ఇసుక మీద ట్రాక్టరు టైరు గుర్తులా ఒక జాడ నీళ్ల నుంచి పైకి వచ్చి కనబడితే అక్కడ తవ్వొద్దు, కోర్టు పక్కకి జరిపి అటవీ శాఖ వాళ్లకి చెప్పండి. పిల్లలకి ఆ జాడ చూపించండి, ముట్టుకోనివ్వకుండా.

సాగర్‌నగర్‌వాసి

నీళ్లలో మడమ దాటకూడదన్న రూలు ఈ వారమే అందరికీ చెప్పేస్తాను. చివరిగా బంతి సంగతి. ఇంట్లో ఉన్న ఇండోర్ వాలీబాల్ వాడొచ్చా? దాంతో చేతులు ఎర్రగా కందిపోతున్నాయని పిల్లలు అంటున్నారు.

వలతాడు

వాడొచ్చు కానీ గాలి తగ్గించండి. ఇండోర్ బంతికి చదరపు సెంటీమీటరుకి 0.30 నుంచి 0.325 కిలోల పీడనం, బీచ్ బంతికి 0.175 నుంచి 0.225 మాత్రమే. చేతులు కందేది అందుకే. బీచ్ బంతి కొంచెం పెద్దది కూడా, చుట్టుకొలత 66–68 సెం.మీ. బరువు మాత్రం రెండింటికీ 260–280 గ్రాములే. మీటరు ఉన్న చేతి పంపు ఒకటి కొనండి, సూది తడి చేసి గుచ్చండి, పొడి సూది వాల్వు రబ్బరుని చీలుస్తుంది. ఇంట్లో ఏసీ గదిలో సరిగ్గా నింపిన బంతి ఎండలో పెట్టాక గట్టిపడుతుంది కాబట్టి పీడనం ఒడ్డుకి వచ్చాకే చూడండి, ఆడనప్పుడు నీడలో ఉంచండి.

అతికించిన ముక్కల బంతి ఇసుక రాపిడికీ తడికీ అంచులు లేస్తుంది, అది పోయాక కుట్టిన బీచ్ బంతి తీసుకోండి. పద్దెనిమిది మందికి రెండు బంతులు చాలు, ఒకటి పిల్లల నెట్‌కి. అయ్యాక బంతి, నెట్, తాళ్లు మంచినీళ్లలో ముంచి ఉప్పు వదిలించి నీడలో ఆరెయ్యండి. నెట్ పైతాడు ఉక్కు తీగైతే తీసేసి అదే 8 మి.మీ. తాడు ఎక్కించండి, ఉప్పు గాలికి ఉక్కు తీగ ఎక్కువ కాలం నిలవదు, తెగేటప్పుడు మొహం మీదికి కొడుతుంది.

బ్లాక్ (నెట్ దగ్గర ఎగిరి చేతులతో అడ్డుకోవడం) గురించి కూడా ముందే మాట్లాడుకోండి, ఇండోర్ అలవాటు ఉన్నవాళ్లతో గొడవ వచ్చేది అక్కడే. ఇసుకలో బ్లాక్‌కి తగిలితే అది మూడు టచ్‌లలో ఒకటి అయిపోయినట్టే, ఇక మిగిలేవి రెండే. వేళ్లు విప్పి మెల్లగా నెట్ అవతలికి జారవిడిచే డ్రాప్ కూడా ఇక్కడ తప్పు, వేళ్ల కణుపులతో గానీ మడిచిన గుప్పిటతో గానీ కొట్టాలి.